రెండు రోజుల్లో కాశీ... అమ్మతో కలిసి!

‘కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానం’ అంటుండేది మా నాయనమ్మ. ఆ రోజుల్లో వెళ్తే తిరిగొస్తారన్న గ్యారంటీ లేదు మరి. 1830లో మద్రాసు నుంచి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు కాశీ చూసి ఇల్లు చేరేసరికి పదిహేను నెలలు పట్టింది. ఆ ప్రయాణమే ‘కాశీయాత్ర చరిత్ర’ పుస్తకమైంది. ఇప్పుడు హైదరాబాద్‌లో ఫ్లైట్ ఎక్కితే రెండు గంటలే. అయినా నాయనమ్మని తీసుకెళ్లలేకపోయా. ‘ఈ రిలీజ్ అయిపోనీ’, ‘అప్రైజల్స్ అయ్యాక చూద్దాం’ అంటూ నాలుగేళ్లు గడిపేశా. ఆవిడ ఆగలేదు. అందుకే ఈసారి ఎవరినీ అడక్కుండా అమ్మకీ నాకూ టికెట్లు బుక్ చేసేశా. ఫిబ్రవరిలో ఒక శనివారం, ఒక ఆదివారం. అంతే!

మొదటి రోజు: గుడి, గంగ

కాశీలో పాత ఊరంతా సందులే. కార్లు లోపలికి రావు. పెద్దవాళ్లతో వెళ్తుంటే గొదౌలియా దగ్గర్లో రూమ్ తీసుకోండి, నడక తగ్గుతుంది. విశ్వనాథుడి గుడిలోకి ఫోన్, స్మార్ట్‌వాచ్, బ్యాగ్ ఏవీ తీసుకెళ్లనివ్వరు. రూమ్‌లోనే వదిలేసి వెళ్తే హాయి. ఇప్పుడున్న గుడిని కట్టించింది ఇండోర్ రాణి అహల్యాబాయి హోల్కర్, 1780లో. శిఖరాల మీద మెరిసే బంగారం పంజాబ్ మహారాజు రంజిత్ సింగ్ ఇచ్చింది. 2021లో కారిడార్ వచ్చాక గుడి నుంచి నేరుగా గంగ ఒడ్డుకి దారి ఏర్పడింది. తర్వాత అన్నపూర్ణ గుడి, విశాలాక్షి గుడి. రెండూ దగ్గరే.

సాయంత్రం దశాశ్వమేధ ఘాట్‌లో గంగా హారతి. గంట ముందే వెళ్తే మెట్ల మీద చోటు దొరుకుతుంది. అమ్మకి మోకాళ్ల నొప్పులు కాబట్టి మేం పడవలో కూర్చుని చూశాం. పడవ ఎక్కకముందే రేటు మాట్లాడుకోండి, దిగాక గొడవ ఉండదు.

రెండో రోజు: తెల్లవారుజామున పడవ

ఇది మాత్రం మిస్ అవ్వొద్దు. కాశీలో గంగ ఉత్తరం వైపు ప్రవహిస్తుంది. ఘాట్లన్నీ పడమటి ఒడ్డునే ఉంటాయి కాబట్టి సూర్యుడు సరిగ్గా ఎదురుగా లేస్తాడు. మొత్తం 84 ఘాట్లు అని చెబుతారు. అస్సీ ఘాట్‌లో ఎక్కితే కేదార ఘాట్, దశాశ్వమేధ దాటుకుంటూ వెళ్లొచ్చు. మానమందిర్ ఘాట్ మేడ మీద సవాయి జైసింగ్ కట్టించిన వేధశాల ఉంది. ఇంజినీరింగ్ చదివినవాళ్లు ఓసారి పైకెక్కి చూడాల్సిందే. సింధియా ఘాట్ పక్కన ఓ గుడి పక్కకి ఒరిగి ఉంటుంది, రత్నేశ్వర్ మహాదేవ్. పంచగంగ ఘాట్ దగ్గర త్రైలింగస్వామి మఠం. ఆయన మన విజయనగరం ప్రాంతం నుంచి వెళ్లినవారే!

మధ్యలో మణికర్ణిక. అక్కడ చితులు ఆరవు. ఆ కాసేపూ ఫోన్ జేబులో పెట్టేయండి. అవతల ఏడుస్తున్నది ఎవరో ఒకరి కుటుంబం. అమ్మ చాలాసేపు ఏం మాట్లాడలేదు. “మీ నాయనమ్మ అయితే ఇక్కణ్నుంచి కదిలేది కాదురా” అంది చివరికి. నేను నీళ్లకేసి చూస్తూ కూర్చున్నా.

మధ్యాహ్నం సారనాథ్. ఊరికి పది కిలోమీటర్లు. బుద్ధుడు మొదటి ఉపదేశం చేసిన చోటు. ధమేఖ్ స్తూపం ఎత్తు 43 మీటర్లు. మన రూపాయి నోటు మీద చూసే సింహాల అసలు శిల్పం అక్కడి మ్యూజియంలోనే ఉంది. శుక్రవారం సెలవు, గుర్తుంచుకోండి.

తినడానికి: పొద్దున్నే వేడివేడి కచోరీ, జిలేబీ. సాయంత్రం టమాటా చాట్, కుల్హడ్‌లో లస్సీ. చలికాలమైతే పాలనురగతో చేసే ‘మలయ్యో’. నోట్లో పెట్టగానే మాయం! చివరగా బనారసీ పాన్.

ఎప్పుడు వెళ్లాలి: అక్టోబర్ నుంచి మార్చి దాకా. డిసెంబర్, జనవరిల్లో పొగమంచుకి ఫ్లైట్లు లేటవుతాయి. వానాకాలంలో గంగ పొంగితే ఘాట్లు మునిగి పడవలు ఆపేస్తారు.

కాశీకి వెళ్తే ఇష్టమైన కాయో పండో వదిలేయాలంటారు కదా. నేను “కాకరకాయ వదిలేస్తా” అన్నా. “ఇష్టమైంది వదలాలిరా, దొంగా!” అని నవ్వి, అమ్మ తను మాత్రం పనసపండు వదిలేసింది. నేను బాగా ఆలోచించి మామిడిపండు వదల్లేనని ఒప్పేసుకున్నా. దాని బదులు ‘వచ్చే ఏడు చూద్దాంలే’ అనే మాట వదిలేశా. మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు ఎప్పట్నుంచో ఏదో ఊరు అడుగుతూనే ఉండుంటారు. ఈ పేజీ మూసేలోపు ఓసారి ఫోన్ చేసి, ఎప్పుడు వెళ్దామో అడగండి.