కత్తెర పడితేనే మందారం పూస్తుంది

కడియం, కడియపులంక నర్సరీల నుంచి ఊరూరికీ వెళ్లే మొక్కల్లో మందారం లేని లారీ ఉండదు. తోపుడుబండి మీద చూస్తే మూరెడు మొక్కకు అరచెయ్యంత పువ్వు, దాని చుట్టూ నాలుగైదు మొగ్గలు కనిపిస్తాయి. ఇంటికి తెచ్చిన వారానికే ఆ మొగ్గలు ఒక్కొక్కటీ రాలిపోతాయి. కొన్నవాళ్లు నర్సరీవాళ్లు మోసం చేశారనుకుంటారు. చాలాసార్లు అది స్థలం మారిన దెబ్బే. నీడ వల కింద, రోజూ తడి మీద పెరిగిన మొక్కను ఒక్కసారిగా డాబా ఎండలో పెడితే అది ముందుగా మొగ్గల్నే వదిలేసుకుంటుంది. రెండు వారాలు పొద్దుటి ఎండ మాత్రమే తగిలేచోట ఉంచి, ఆ తర్వాత పూర్తి ఎండలోకి మారిస్తే తేరుకుంటుంది.

అసలు బెంగ ఆ తర్వాత మొదలవుతుంది. మొక్క ఏపుగా పెరుగుతుంది, ఆకులు నవనవలాడుతుంటాయి, పువ్వు మాత్రం ఉండదు. ఏడాది తిరిగేసరికి నాలుగు బారు కొమ్మలు, వాటి కొసన అప్పుడో ఇప్పుడో ఒక పువ్వు. దీనికి మందుల కొట్టుకు పరుగెత్తాల్సిన పనిలేదు. మందారం కొత్త చిగురుకే పూస్తుంది. చిగురు సాగేకొద్దీ కొత్త ఆకుల మొదళ్లలో మొగ్గలు తొడుగుతుంది. ఆకులు రాలిన ముదురు కొమ్మ మీద మొగ్గ రాదు. పైగా విచ్చిన పువ్వు ఉండేది సాధారణంగా ఒక్క రోజే. పొద్దున విచ్చుకుని సాయంత్రానికి ముడుచుకుంటుంది. కాబట్టి రోజూ పూజకు నాలుగు పువ్వులు కావాలంటే మొక్కకు చాలా కొసలుండాలి. కొసలు పెరిగేది కత్తెరతోనే.

పెంచిన చేత్తో నరకడానికి మనసొప్పక చాలామంది కత్తెర జోలికే పోరు. మొక్కకు జరిగే అన్యాయం అదే. కొమ్మ కొసన ఉండే చిగురు, తన కింది కణుపుల్లోని చిగుళ్లను లేవనివ్వదు. ఆ కొసను తీసేస్తే నిద్రపోతున్న కణుపులు మేల్కొని, ఒక కొమ్మ ఉన్నచోట రెండు మూడు వస్తాయి. తెలుగు నేలమీద ఇందుకు రెండు అదనులున్నాయి: చలి శివశివా అంటూ వెళ్లిపోయే శివరాత్రి వేళ ఒకటి, తొలకరి పడ్డాక మరొకటి. రోహిణి కార్తె ఎండల్లో మాత్రం కత్తెర పట్టకూడదు. కొమ్మ పొడవులో మూడో వంతు వరకు తీయవచ్చు. బయటి వైపు చూస్తున్న కణుపుకు కాస్త పైన, ఏటవాలుగా కోయాలి. అప్పుడు కొత్త కొమ్మలు వెలుపలికి సాగుతాయి, మొక్క నడిమధ్యకు గాలీ వెలుతురూ అందుతాయి. మళ్లీ పూతకు రావడానికి సుమారు రెండు నెలలు పడుతుంది. అన్నాళ్లు దేవుడికి పువ్వు లేకుండా ఎలా అనుకునే ఇళ్లలో కొన్ని కొమ్మలు ఇప్పుడు కోసి, అవి పూతకు వచ్చాక మిగిలినవి కోస్తే పూత తెగిపోదు.

కత్తెర వేసినా ఎండ లేకపోతే ఫలితం ఉండదు. రోజుకు కనీసం 6 గంటల ఎండ తగలాలి. అపార్ట్‌మెంట్ బాల్కనీలో గ్రిల్ నీడన పెట్టిన మందారం వెలుగు కోసం బారుగా సాగుతుందే తప్ప పూయదు. అలాంటి చోట ఎన్ని ఎరువులు వేసినా ఖర్చు దండగ.

కుండీ 12 అంగుళాలకు తక్కువ కాకుండా ఉండాలి, అడుగున నీళ్లు పోయే కన్నం తప్పనిసరి. ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, కాస్త ఇసుకో కొబ్బరి పొట్టో కలిపితే సరిపోతుంది. మందారం తడిని కోరుతుంది గానీ వేళ్ల దగ్గర నీరు నిలిస్తే సహించదు. మే నెలలో డాబా మీది కుండీకి ఉదయం, సాయంత్రం నీళ్లు పోయాలి. కుండీని నేరుగా శ్లాబు మీద పెట్టకుండా రెండు ఇటుకల మీద ఎత్తిపెడితే వేళ్లకు సెగ తగలదు.

పసుపుబారిన ఆకు కనిపించగానే కంగారు పడనక్కర్లేదు. ముందు అది ఏ ఆకో చూడాలి. అడుగున ముదురాకు ఒకటో రెండో పండి రాలడం సహజం. కొసన లేతాకు పసుపుబారి, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలితే అది ఇనుము లోపం. బోరునీటితో పెరిగే మొక్కల్లో ఇది తరచు కనిపిస్తుంది. నీటిలోని క్షారగుణం వల్ల, మట్టిలో ఇనుమున్నా వేళ్లకు అందదు. లీటరు నీటికి 2 గ్రాముల అన్నభేది, చిటికెడు నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం వేళ ఆకుల మీద పిచికారీ చేస్తే తర్వాత వచ్చే ఆకులు పచ్చగా వస్తాయి. వానాకాలంలో నాలుగు బకెట్ల వాననీరు పట్టి పోస్తే ఇంకా మేలు.

పూత కోసం గుప్పెడు డీఏపీ వేయడం చాలా ఇళ్లలో అలవాటు. మందారానికి భాస్వరం ఎక్కువైతే ఇనుము అందడం మరింత కష్టమవుతుంది. యూరియా ఎక్కువైతే ఆకే తప్ప పువ్వుండదు. దానికి కావలసింది పొటాషియం పాలు ఎక్కువున్న ఎరువు, అదీ కొద్దికొద్దిగా, 15 రోజులకోసారి, తడి మట్టిలో.

ఇక తెల్లటి శత్రువు సంగతి. కత్తెర వల్ల వచ్చిన లేత చిగుళ్లే పిండినల్లికి ఇష్టమైన తిండి. బెండ, పత్తి, గోంగూర, మందారం ఒకే కుటుంబపు మొక్కలు. అందుకే వీటి పురుగులూ చాలావరకు ఉమ్మడే, పెరట్లో బెండ పాదుల పక్కనే మందారం కుండీ పెట్టకపోవడం మంచిది. పిండినల్లి చేసే నష్టానికి గ్రెనడా దీవి సాక్ష్యం. 1994లో కరీబియన్‌లోని ఆ దేశంలో గులాబీ రంగు పిండినల్లి బయటపడి మందారాలతోపాటు పంట మొక్కలనూ కాల్చుకుతింది. చివరికి దాన్ని అదుపులోకి తెచ్చింది మందులు కాదు, దాన్నే తిని బతికే అక్షింతల పురుగులు, చిన్న కందిరీగలు.

అలాంటి అక్షింతల పురుగు ఒకటి 1898లోనే ఆస్ట్రేలియా నుంచి భారతదేశానికి వచ్చింది. దాని పిల్ల పురుగు ఒంటినిండా తెల్లటి మైనపు పోగులతో అచ్చం పిండినల్లిలాగే ఉంటుంది. మొక్కను కాపాడేదాన్నే శత్రువనుకుని చాలామంది నలిపేస్తారు. దగ్గరగా చూస్తే తేడా తెలుస్తుంది. పిండినల్లి గుంపుగా, కదలకుండా అంటుకుని ఉంటుంది. ఈ పిల్ల పురుగు వాటికంటే పెద్దది, ఒంటరిగా చురుగ్గా పాకుతుంది. దీన్ని ముట్టుకోకుండా వదిలేయాలి.

కొమ్మ మీద చీమల బారు కనిపిస్తే పిండినల్లో పేనుబంకో ఉన్నట్టే లెక్క. అవి విసర్జించే తియ్యటి జిగురు కోసం చీమలు వాటికి కాపలా కాస్తాయి, అక్షింతల పురుగుల్ని దగ్గరికి రానివ్వవు. ముందు చీమల దారి తెంచాలి. ఆపైన నీటి ధారతో ఆకుల అడుగు భాగం కడగాలి. అప్పటికీ తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బునీరు కలిపి ఎండ తగ్గాక కొట్టాలి. విచ్చకుండా రాలిన మొగ్గను తెల్ల కాగితం మీద చిదిపి చూస్తే ఒక్కోసారి గడ్డి రంగులో సన్నటి నలుసులు పాకుతుంటాయి. అవి తామర పురుగులు. ఆ మొగ్గల్ని ఏరి దూరంగా పారేయాలి.

అమెరికాలో మంచు కురిసే రాష్ట్రాల్లోని తెలుగువాళ్లు మన మందారాన్ని కుండీలోనే పెంచుతారు. రాత్రి వేడిమి 10 డిగ్రీల సెల్సియస్‌కు దిగేలోపు ఇంట్లోకి తెచ్చి ఎండ పడే కిటికీ దగ్గర పెట్టాలి, నీళ్లు బాగా తగ్గించాలి. లోపలికి తెచ్చే ముందు ఆకుల అడుగున పురుగు లేదని చూసుకోకపోతే, ఇంట్లోని వెచ్చదనానికి అది ఇట్టే పెరుగుతుంది.

తొలకరికి కత్తిరించిన కొమ్మల్ని చెత్తలో వేయకూడదు. పెన్సిలంత లావు, జానెడు పొడవు ఉన్న ముక్కలు తీసుకుని, కింది ఆకులు దూసి, రెండు కణుపులు మునిగేలా తడి ఇసుకమట్టిలో గుచ్చి నీడన పెడితే నాటు ఎర్రమందారం సులువుగానే వేరు పోసుకుంటుంది. పెద్ద పువ్వుల హైబ్రిడ్లు ఇలా బతకడం కష్టం కాబట్టి వాటిని నర్సరీల్లో గట్టి రకం వేరు మీద అంటు కడతారు. ఆ అంటు కింద నుంచి వచ్చే చిగుళ్లను ఎప్పటికప్పుడు గిల్లేయాలి. లేకపోతే అడుగు మొక్కే పెరిగి, ఏరి కొనుక్కున్న పసుపు మందారం పోయి చిన్న ఎర్రపువ్వు మిగులుతుంది.