బాగున్న చేతికి తొడుగు వేయించిన ప్రొఫెసర్

తమ్ముళ్లూ, నేను మన హాస్టల్లో తొమ్మిదో తరగతి చదువుతున్నప్పుడు వంట చేసే తాతకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. ఎవరో చెబితే పావురం రక్తం కూడా రాయించారు. కొన్నాళ్లకు కర్ర పట్టుకుని నడిచారు గానీ చెయ్యి మాత్రం ఒళ్లోనే ఉండిపోయింది. ఎడమచేత్తో తినడం సిగ్గనిపించి మాతో పంక్తిలో కూర్చోవడం మానేశారు. ఇంట్లో అవ్వే అన్నం కలిపి పెట్టేది. ఆ కుడిచేతి వేళ్లు కాస్త కదిలేవని మేమంతా చూశాం. ఆ కదలికకు ఎంత విలువుందో నాకు ఫిజియోథెరపీ చదివేటప్పుడు గానీ తెలియలేదు.

అమెరికాలోని అట్లాంటా నగరంలో ఎమరీ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ దశాబ్దాలపాటు ఫిజికల్ థెరపీ బోధించిన ప్రొఫెసర్ స్టీవెన్ వుల్ఫ్. వృద్ధులు తూలి పడిపోకుండా తాయ్ చీ అనే చైనా వ్యాయామం ఎంత ఉపయోగపడుతుందో పరిశీలించిన వారిలో ఆయన ఒకరు. అయితే ఆయన పేరు మాకు ఎక్కువగా వినిపించింది పక్షవాతం వచ్చిన చేతి విషయంలోనే.

ఆయన కంటే ముందు ఎడ్వర్డ్ టాబ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కోతుల్లో ఒక చేతి స్పర్శ నరాలు కత్తిరించి చూశారు. కోతి ఆ చేతిని వాడడం మానేసింది. రెండో చేతిని కట్టేస్తే మళ్లీ వాడింది! (ఆ కోతులను ఉంచిన తీరుపై 1981లో పెద్ద కేసే నడిచింది, అది వేరే కథ.) అంటే చెయ్యి చేయలేకపోవడం ఒకటి, ప్రయత్నించి ప్రయత్నించి విసిగి వాడకం మానేయడం మరొకటి. మనిషిలోనూ ఈ రెండోది ఉంటుంది. మంచి చెయ్యి పని చేసిపెడుతుంటే జబ్బు చేతికి అవకాశమే రాదు. ఇంట్లోవాళ్ల జాలి కూడా దానికి తోడవుతుంది.

వుల్ఫ్ మరొకరితో కలిసి 1981లో ఒకే ఒక్క రోగి మీద ఈ సంగతి పరీక్షించి రాశారు. తర్వాత ఆయన నాయకత్వంలో ఏడు కేంద్రాల్లో 222 మందితో పెద్ద అధ్యయనం జరిగింది, ఫలితాలు 2006లో వచ్చాయి. వాళ్లందరికీ పక్షవాతం వచ్చి మూడు నుంచి తొమ్మిది నెలలైంది. వారిలో సగం మందికి రెండు వారాలపాటు, మెలకువగా ఉన్న సమయంలో దాదాపు అంతా మంచి చేతికి తొడుగు వేసి ఉంచారు. పని రోజుల్లో రోజుకు ఆరు గంటల వరకు జబ్బు చేత్తో పనులు చేయించారు. మిగతా వారికి మామూలు వైద్యమే.

కొలిచిన పద్ధతి నాకు భలే నచ్చింది. వుల్ఫ్ పేరుతోనే ఉన్న ఆ పరీక్షకు పెద్ద యంత్రాలేవీ అక్కర్లేదు. పెన్సిలు ఎత్తడం, పేకముక్కలు తిప్పడం, తాళంలో చెవి తిప్పడం, తువ్వాలు మడవడం, పక్కన ఒక గడియారం. తొడుగు వేసుకున్న వారికి ఒక్కో పనికి సగటున 19.3 సెకన్లు పట్టేది, ఏడాది తర్వాత 9.3 సెకన్లే పట్టింది. రెండో గుంపుకు 24 నుంచి 17.7కు తగ్గింది.

అయితే ఆరు గంటల సాధన వల్లా, తొడుగు వల్లా అని అడిగేవారున్నారు. నా అనుభవంలో సాధనదే ఎక్కువ పాలు. పైగా ఇది అందరికీ కుదరదు. మణికట్టు, వేళ్లు కొంచెమైనా పైకి లేవాలి. పడిపోయే ప్రమాదం ఉన్నవారికి కర్ర పట్టుకునే చేతికి తొడుగు వేస్తే ఇంకో ఉపద్రవం. జబ్బు వచ్చిన కొద్దిరోజులకే మరీ ఎక్కువ సాధన చేయించిన వారు తక్కువగా కోలుకున్నారని 2009లో వచ్చిన ఇంకో అధ్యయనం చెప్పింది. కాబట్టి ఇంట్లో ఎవరికైనా ఇలా అయితే, ముందు ఫిజియోథెరపిస్టుకు చూపించాకే మొదలుపెట్టండి.

ఆ అవగాహన నాకు వచ్చేసరికి తాత లేరు. ఇప్పుడు నేను రోగుల ఇళ్లకు వెళ్లినప్పుడు స్టీలు గ్లాసు, తాళంకప్ప, గుప్పెడు రూపాయి బిళ్లలు సంచిలో పెట్టుకుని వెళ్తాను. మందుల చీటీ చూసే ముందు, అన్నం ఎవరు కలుపుతున్నారని అడుగుతాను.