రాళ్లెక్కే ట్రక్కు: బరువు ఎక్కడుండాలి?

భిలాయి ఉక్కు కర్మాగారానికి దశాబ్దాలుగా ఇనుప ఖనిజాన్ని అందించినవి దల్లీ రాజహరా కొండలు. అలాంటి రాళ్లవాలుపైకి రేడియో సంకేతాలతో నడిచే చిన్న ట్రక్కును ఎక్కించాలంటే ఏం చేయాలి? బరువు తగ్గించాలంటారా? తొందరపడకండి!

గరిమనాభి నుంచి కిందికి గీసిన నిట్టనిలువు గీత చక్రాల వెలుపలి అంచుల మధ్య పడినంతవరకు బండి పక్కకు ఒరిగిపోదు. మీ ట్రక్కు బరువు 2 కిలోలు, ఆ అంచుల మధ్య దూరం 20 సెం.మీ., గరిమనాభి ఎత్తు 10 సెం.మీ. అనుకుందాం. స్ప్రింగుల కదలికను లెక్కలోకి తీసుకోకపోతే, అది 45 డిగ్రీల వాలు వరకు నిలుస్తుంది.

ఇప్పుడు చక్రాల లోపల, అంటే 5 సెం.మీ. ఎత్తున, మొత్తం 500 గ్రాముల ఉక్కు బిగించండి. గరిమనాభి 9 సెం.మీ.కు దిగుతుంది, బండి 48 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. అదే ఉక్కును 20 సెం.మీ. ఎత్తున పైకప్పు మీద పెడితే? గరిమనాభి 12 సెం.మీ.కు లేస్తుంది. 40 డిగ్రీలకే బండి దొర్లిపోతుంది!

భిలాయిలో రైలు పట్టాలుగా మారే ఉక్కు ఘన సెంటీమీటరుకు సుమారు 7.8 గ్రాములు తూగుతుంది. ప్లాస్టిక్ దాదాపు 1 గ్రామే. అందుకే కింద ఉక్కు, పైన ప్లాస్టిక్.

మరి పెరిగిన బరువును మోటారు లాగేదెలా? మోటారు 40 సార్లు తిరిగితే చక్రం ఒక్కసారి తిరిగేలా గేర్లు అమర్చాలి. వేగం తగ్గుతుంది, ఘర్షణ నష్టం పోను, తిప్పే బలం దాదాపు అన్ని రెట్లు పెరుగుతుంది.

మీరే పరీక్షించండి. బండిని చెక్కపలకపై అడ్డంగా నిలిపి, పలక ఒక అంచును మెల్లగా ఎత్తండి. బండి ఒరిగే కోణాన్ని కోణమానినితో కొలవండి. బ్యాటరీని కిందికి మార్చి మళ్లీ కొలిచి చూడండి.