రెండూ ఒక్కటే గదరా!

సంక్రాంతి సెలవులకు బోధన్‌లో మా తాత ఇంటికి వెళ్లాను. అరుగు మీద కూర్చుని ఫ్రెండ్‌తో ఫోన్‌లో "ఆమె నా క్రష్ రా" అంటున్నాను. లోపల్నుంచి తాత గొంతు వినపడింది.

"ఏందిరా, క్రషింగ్ షురువైందా?"

"క్రషింగ్ కాదు తాతా, క్రష్."

"రెండూ ఒక్కటే గదరా!"

అప్పుడు నవ్వేశాను. హాస్టల్‌కి వచ్చి డిక్షనరీలు తిరగేస్తే తాత చెప్పిందే నిజమని తేలింది. నిజంగానే రెండూ ఒక్కటే.

ఈ మాట పాత ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. అక్కడ 'క్రుయిసిర్' అంటే పళ్లు పటపటా కొరకడం, ఫెళ్లున విరగడం. 14వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చేసరికి నలగ్గొట్టడం, పిండి చేయడం, అణచివేయడం అనే అర్థాలు స్థిరపడ్డాయి. 19వ శతాబ్దం మొదట్లో కిక్కిరిసిన జనాన్ని కూడా క్రష్ అనడం మొదలైంది. తొక్కిసలాట వార్తల్లో ఆ అర్థం ఇప్పటికీ కనిపిస్తుంది.

మరి ప్రేమ ఎక్కణ్ణుంచి వచ్చింది? 1884లో ఇసబెల్లా మాడ్ రిటెన్‌హౌస్ అనే అమెరికన్ అమ్మాయి డైరీలో రాసుకున్న మాటను డిక్షనరీలు తొలి ఉదాహరణగా చూపిస్తాయి. అంతకుముందే, 1870ల నాటికే, అమెరికాలో మనసు పడటాన్ని 'మ్యాష్' అనేవాళ్లు. మ్యాష్ అన్నా మెత్తగా చిదమడమే కాబట్టి, దాని స్థానంలో ఎవరో సరదాకి క్రష్ అని ఉంటారని ఒక ఊహ ఉంది. 20వ శతాబ్దం మొదట్లో 'ఫలానా వాళ్ల మీద క్రష్ ఉంది' అనే వాడుక కూడా కుదురుకుంది.

ప్రేమకీ నలగడానికీ సంబంధమేంటి అంటారా? మన మాటలు చూడండి. మనసు పారేసుకున్నాడు, పడిపోయాడు, ఫిదా అయ్యాడు. ఒకడు పోగొట్టుకున్నాడు, ఒకడు కింద పడ్డాడు, ఇంకొకడు తనను తానే అర్పించుకున్నాడు. ఇంగ్లీషువాడు నలిగిపోయాడు. ఏ భాషలోనైనా ఇష్టపడినవాడి పరిస్థితి అదే!

మన కాలేజీలో ఈ ఒక్క మాట ఎన్ని వేషాలు వేస్తుందో లెక్కపెట్టండి. "పేపర్ క్రష్ చేసేశా" అంటే గెలుపు. "మ్యాచ్‌లో మనోళ్లను క్రష్ చేసిన్రు" అంటే ఓటమి. క్లాసులో వెనక బెంచీలో నడిచేది క్యాండీ క్రష్. మెకానికల్ వాళ్లకి రివెట్ జాయింట్ విఫలమయ్యే పద్ధతుల్లో టియరింగ్, షియరింగ్‌తో పాటు క్రషింగ్ ఒకటి. సివిల్ వాళ్లకి ల్యాబ్‌లో అగ్రిగేట్ క్రషింగ్ వాల్యూ. కంకర మీద 10 నిమిషాల్లో 40 టన్నుల దాకా లోడ్ ఎక్కించి, నలిగి 2.36 మిల్లీమీటర్ల జల్లెడలోంచి జారిన పొడి ఎంత శాతమో చూస్తారు. ఆ శాతం ఎంత తక్కువైతే రాయి అంత గట్టిది.

కానీ బోధన్‌లో మా తాత వయసు వాళ్లకి ఈ మాట చెరుకుతో వచ్చింది. మంజీర మీద నిజాంసాగర్ 1931కి పూర్తయింది. కాలువ నీళ్లతో చెరుకు పెరిగింది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది, దాని చుట్టూ శక్కర్‌నగర్ వెలిసింది. ఈ శక్కర్, మన చక్కెర, ఇంగ్లీషు షుగర్, మూడింటికీ మూలం సంస్కృతం 'శర్కర'. దానికి కంకర, ఇసుక పలుకులు అనే అర్థం కూడా ఉంది. అంటే సివిల్ ల్యాబ్‌కీ శక్కర్‌నగర్‌కీ కూడా చుట్టరికం ఉందన్నమాట!

చెరుకు కొట్టాక ఆలస్యం చేస్తే ఎండి బరువు తగ్గుతుంది, అందులోని సుక్రోజ్ గ్లూకోజ్‌గా, ఫ్రక్టోజ్‌గా విరిగి చక్కెర దిగుబడి పడిపోతుంది. అందుకే ఒక రోజు లోపే రోలర్ల కిందికి పంపాలని చూస్తారు. ఫ్యాక్టరీ సైజు చెప్పాలన్నా రోజుకి ఎన్ని టన్నులు క్రష్ చేస్తుందనే చెబుతారు. 100 కిలోల చెరుకు నలిగితే వచ్చే చక్కెర సుమారు 10 కిలోలు. మిగిలిన పిప్పి బాయిలర్‌లో మంటకి పోతుంది. 'పీల్చి పిప్పి చేయడం' అనే జాతీయం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఈ ప్రాంతం వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

కాబట్టి "క్రషింగ్ షురువైందా?" అనేది ఊరికే అడిగే ప్రశ్న కాదు. చెరుకు పైసలు ఎప్పుడొస్తాయి, అప్పు ఎప్పుడు తీరుతుంది, బిడ్డ పెళ్లి ఏ నెలలో పెట్టుకోవాలి, అన్నీ అందులోనే ఉంటాయి. చలికాలం వచ్చిందంటే ఇంటింటా అదే మాట. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీకి లే-ఆఫ్ ప్రకటించారు. రోలర్లు ఆగాయి. చెరుకు పోయి వరి వచ్చింది. దాంతో ఆ మాట కూడా మెల్లగా ఇళ్లలోంచి వెళ్లిపోయింది. శక్కర్‌నగర్ పక్కనే పుట్టి పెరిగిన మా చిన్న తమ్ముడికి క్రష్ అంటే ఒకటే అర్థం తెలుసు. వాడి తప్పేం లేదు. డిక్షనరీలో అర్థం ఎక్కడికీ పోదు. ఊళ్లో మాత్రం పని ఉన్నన్నాళ్లే అర్థం ఉంటుంది.

మొన్న తాతకి ఫోన్ చేసి చెప్పాను, "నువ్వన్నదే కరెక్ట్ తాతా, రెండూ ఒక్కటే" అని.

"నేను జెప్పలే?" అన్నాడు. కాసేపాగి, "షురువైతే నాకు గూడ జెప్పు బిడ్డా" అన్నాడు.

ఏది షురువైతే అని నేను అడగలేదు.