ఊరు చేరిన పక్షులు - రైతుకు లాభనష్టములు



అడవిలో, కొండలలో ఉండవలసిన పక్షులు ఊళ్ళకు, పట్టణములకు ఎందుకు చేరుచున్నవి? వాటిని తరిమివేయవలెనా, ఉండనీయవలెనా? అనంతసాగరం, ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతముల రైతులు ఈ సంగతి తెలిసికొనుట అవసరము. ఏలయనగా, ఊరిలో గూడుకట్టిన పక్షి మేతకై మీ చేనికే వచ్చును.

పక్షి నివాసమునకు గూటికి చోటు, పిల్లలకు మేత, ఈ రెండును ముఖ్యము. పావురము సహజముగా కొండచరియలలో గుడ్లు పెట్టును. మేడల అంచులు, గోపురముల సందులు దానికి కొండచరియలతో సమానమే. గోరువంకకు చెట్టుతొర్ర దొరకనిచో గోడకన్నమైనను చాలును. పురుగు, పండు, గింజ, మెతుకు, ఏదైనను తినును. తోటల పురుగులను తినునని 1862లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఈ పక్షులను విడిచిరి. అవి తోటలతో ఆగక నగరములందు వ్యాపించి, అక్కడి పక్షుల తొర్రలను ఆక్రమించుచున్నవి.

అన్ని పక్షులకు ఈ నేర్పు లేదు. మన పొరుగున కడప జిల్లా చిట్టడవులలో కనబడిన కలివికోడిని చూడుడు. 1848లో శాస్త్రజ్ఞులు వర్ణించిన ఈ పక్షి, 1900 తరువాత కనబడక, 1986లో సిద్ధవటం వైపున మరల దొరికినది. పలుచని ముళ్ళపొదల నేల పోయినచో అది ఊరికి రాలేదు, నశించిపోవును.

ఊరికి అలవాటుపడిన పక్షికైనను చోటు, మేత తప్పవు. ఊరపిచ్చుక పూరియిండ్ల చూరులలో గూడు పెట్టును. పిల్లలకు మెత్తని పురుగులు మేపును. చూరులు పోయి, పురుగుమందులు పెరిగినచోట దాని బ్రతుకు కష్టమైనది. చిలమత్తూరు సమీపమున వీరాపురములో ఎర్రకాళ్ళ కొంగలు ఊరి నడుమ చింతచెట్లపై గూళ్ళు కట్టును. జనులు వీటిని సైబీరియా కొంగలందురు గాని ఇవి మన దేశపు పక్షులే. గ్రామస్థులు వీటిని కాపాడుచున్నారు. ఐనను చెట్టొక్కటే చాలదు. చుట్టుపట్ల చెరువులలో నీరు, చేపలు ఉండవలెను.

కనుక మీరు చేయదగిన పనులు ఇవి. చెరువుకట్టలపై పాత చింత, మర్రి చెట్లను కొట్టరాదు. పసులపోలిగాడు, గోరువంక పైరు పురుగులను ఏరి తినును. అవి వ్రాలుటకు ఎకరమునకు పది చొప్పున, పైరుకంటె ఎత్తుగా, అడ్డకర్ర కట్టిన కొయ్యలు నాటవలెను. వరి పాలు పోసికొను దశలో వాటిని తీసివేయవలెను. లేనిచో గింజ తిను పక్షులకు అవే ఆసరా అగును.

ప్రొద్దుతిరుగుడు, జొన్న, సజ్జ గింజ కట్టునపుడు చిలుకల బెడద ఎక్కువ. మెరిసే రిబ్బన్లను ఎండ తగులునట్లు పైరుకంటె మూరెడు ఎత్తున కట్టవలెను. ఇరుగుపొరుగు రైతులు కలిసి ఉదయము, సాయంకాలము కాపలా కాయవలెను. కళ్ళములో రాలిన గింజలను ఊడ్చి, ధాన్యమును కప్పి ఉంచినచో పావురములు మూగవు.

విషము మాత్రము పెట్టరాదు. విషపు గింజకు చిలుక, గోరువంక అను భేదము లేదు. పురుగును తిను పక్షి చచ్చినచో ఆ పని మీరు మందుతో చేయవలసివచ్చును. ఆ ఖర్చు మీదే.