వరికి జింకు – విత్తనం నాటినుంచే జాగ్రత్త

గౌతమి ఒడ్డునున్న జొన్నాడ వంటి గ్రామాలలో పాడిపశువులకు వరిగడ్డే ముఖ్యమైన మేత. పైరు గిడసబారితే గింజతోపాటు గడ్డీ తగ్గుతుంది. ఊడ్చిన రెండు నుంచి నాలుగు వారాలలో ముదురాకులపై తుప్పురంగు మచ్చలు కనబడి, ఆకు పెళుసుగా విరుగుతుంటే జింకు లోపంగా అనుమానించాలి. ‘ఖైరా’ అనే ఈ జబ్బుకు మూలం జింకు లోపమేనని 1966లో పంత్‌నగర్ శాస్త్రజ్ఞుడు డా. నెనె తేల్చారు. నీరు నిలిచిన నేలలో జింకు పైరుకు సరిగా అందదు.

విత్తనానికి జింకు పట్టిస్తే నారుకు తొలిదశలో ఆసరా దొరుకుతుంది. ఊడ్పులకు ముందు లీటరు నీటిలో 20 గ్రాముల జింక్ ఆక్సైడ్ కలిపి నారు వేళ్ళను ముంచడం మరో పద్ధతి. అయితే విత్తనంతో అందేది కొద్దిపాటిదే. లోపం ఎక్కువగా ఉన్న చేలో ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేటు వేయాలి. దానిని భాస్వరం ఎరువులతో కలిపి చల్లరాదు.