సముద్రము లేని యూరిలో నావికుల వీధి

కెనడా దేశమున మానిటోబా రాష్ట్రమునకు రాజధానియై, రెడ్, అసినిబోయిన్ నదుల సంగమమున వెలసిన విన్నిపెగ్ నగరమనగానే గోధుమపొలములును, రైలుపట్టాలును, ఎముకలు కొరుకు చలియును తలపునకు వచ్చునే గాని యుద్ధనౌకలు రావు. పసిఫిక్ తీరము రమారమి 2,000 కిలోమీటర్ల దవ్వు. హడ్సన్ అఖాతము సైతము ఉత్తరమున వందల కిలోమీటర్ల కావల నున్నది. అట్టి యూరి నడిబొడ్డున ‘నేవీ వే’ అను వీధి కలదు. అచ్చట నెలకొన్న ‘హెచ్.ఎం.సి.ఎస్. చిప్పవా’ అను నౌకాదళ రిజర్వు విభాగమునకు గౌరవముగా నిడిన పేరది.

ఆ విభాగపు పుట్టుక కథ యిది: 1922లో ప్రధాని కింగ్ ప్రభుత్వము కెనడా నౌకాదళపు పద్దును 25 లక్షల డాలర్లనుండి 15 లక్షలకు కుదింపగా, దళాధిపతియైన వాల్టర్ హోస్, ఓడలు పోయినను మనుష్యులుండిన చాలునని తలంచి, ‘ఆరోరా’ క్రూయిజరును, జలాంతర్గాములను వదలుకొని, మరుసటి యేట వాలంటీరు రిజర్వును స్థాపించి, కడలి కంటబడని లోతట్టు నగరములయందు సైతము శాఖలు తెరచెను. పగలెల్ల బ్యాంకులోనో దుకాణములోనో పనిచేసిన యువకులు సాయంకాలము వచ్చి, త్రాళ్లకు ముడులు వేయుటయు, జెండాలతో సంకేతములు పంపుటయు నభ్యసించుచుండిరి. ఇదేమి విడ్డూరమని నవ్వువారు 1939 తరువాతి కథను గూడ చదువవలెను. కొన్నివేల మందితో యుద్ధమున దిగిన కెనడా నౌకాదళము లక్షకు చేరువయ్యెను. అందధికభాగము ఈ వాలంటీర్లే. అట్లాంటిక్‌పై కార్వెట్లు అను చిన్న యుద్ధనౌకల నెక్కి సరకుల ఓడలకు కాపు గాచినవారిలో ఈ మైదానపు బిడ్డలెందరో యుండిరి. హోస్ దూరదృష్టికి ఇంతకంటె సాక్ష్యమేల?

1941 నవంబరు 1న విన్నిపెగ్ శాఖను ‘చిప్పవా’ పేరున లాంఛనముగ నౌకగనే కమిషన్ చేసిరి. అది భవనమే యైనను అచ్చట నేల ‘డెక్’, వంటిల్లు ‘గ్యాలీ’. వీధిలోనికి వచ్చుట తీరమునకు దిగుట! మనకిది వింతగా తోచనక్కరలేదు. విశాఖపట్టణమున మన ‘ఐ.ఎన్.ఎస్. సర్కార్స్’ నీటిపై తేలునదా యేమి?

చిప్పవా నావికులు కడలికి పోవుటయే గాదు, 1950 వసంతమున జలమే వీరిని వెదకుకొనుచు వచ్చెను. రెడ్ నది పొంగి పొరలి నగరమును ముంచగా, లక్షమంది వరకు ఇండ్లు విడిచిరి. నావికులు పడవలతో వీధులలో తిరిగి జనులను రక్షించిరి. నేను న్యాయము చెప్పవలసివచ్చిన, ఒక వీధిపేరు ఈ ఋణమునకు చాలీచాలని వడ్డీ మాత్రమే యందును.

బంధువులను చూడ విన్నిపెగ్ పోవు మనవారు, చిప్పవా భవనముననే యున్న మానిటోబా నౌకాదళ ప్రదర్శనశాలను దర్శింపుడు. అది నేటికిని సైనికస్థావరమే గావున, వేళలు ముందుగా విచారించుకొని మరీ పొండు.